అంగుళానికి ఏడాది

జలుబు ఒకే పక్క ముక్కుకు.
ఎడమ పక్క. ఏడాదిన్నర.
వేడి చేసిందని మజ్జిగ తాపింది సుంకమ్మ,
పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టించింది.
ఎమ్మిగనూరు సంతలో ఒకాయన ఇచ్చిన నస్యం పీలిస్తే
తెల్ల తువాల మీద ఎర్ర చుక్క.
జాజు దారం లాగి కొడితే
పలక మీద మొదట పడే చుక్కంత.

కర్నూలు పెద్దాసుపత్రిలో
సన్న గొట్టం ముక్కులోకి పోనిచ్చి
డాక్టరమ్మ చానాసేపు మాట్లాడలేదు.
"ఏం పని చేస్తావు తాతా?"
ఇంకా తాతను కాను, యాభై ఆరు. ఊరుకున్నా.
"వడ్ల ఉరుకుందాచారి. ఇంటిపేరే నా పని తల్లీ."
ఆమె పెన్ను ఆగిపోయింది.

నలభై ఏండ్లు నేను కోసిన మానులన్నీ
పొడి పొడిగా నాలోకొచ్చి కూర్చున్నాయంట.
టేకు, మద్ది, వేప, నల్లతుమ్మ.
కండ్లు మూసుకుని వాసన చూసి
ఇది ఎండకు ఆరింది, ఇది నీడకు ఆరింది అనేవాణ్ణి.
దిరిసెన కోసినరోజు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళు,
నేను తప్ప.
అదొక గొప్ప అనుకున్నా.

చానా అరుదంట ఈ జబ్బు.
లక్షమందిని వెతికినా ఒకడు దొరుకుతాడో లేదో.
చీటీపాటలో ఏనాడూ తగలని పేరు నాది.

ఎన్నాళ్ళని నేను అడగలేదు.
సుంకమ్మ అడిగింది, గడప కాడ,
చెప్పులు చేత్తో పట్టుకుని.
నూరుమందిలో ఐదేండ్లకు
సగానికి కొంచెం పైన మిగులుతారమ్మా,
ఎముక దాటి మెదడు దిక్కు పోకుంటే
ఇంకొంచెం ఎక్కువ.
పోయిందా అంటే, కోసి చూడాల.
మానుకూ అంతే గదా.
బెరడు చూసి లోపలి తొర్ర చెప్పేవాడు
వడ్రంగి కాదు, జోస్యగాడు.

"ఆ నూరుమంది ఎవురు తల్లీ?"
"పుస్తకాల్లో ఉండేవాళ్ళు. చానామంది
చలిదేశాల వడ్రంగులే."
ఎందుకో తెల్దు, ఆ మాట కాడ
మనసు కుదురుకుంది.

ఆ రాత్రి వార్డులో నిద్ర పట్టక
వాళ్ళందర్నీ పిలిపించుకున్నా.
ఉన్ని టోపీలు, చెవుల్లో పెన్సిళ్ళు,
వరండా గోడకు వీపులానించి కూర్చున్నారు
ఒకే పక్క ముక్కు చీదుకుంటా.
భాష రాదు. చేతులు చూసుకున్నాం.
ఎడమ బొటనవేలి మీద ఉలి మచ్చ
అందరికీ ఉంది.
చిత్రిక ముందుకు తోస్తారా,
మీ దిక్కు లాక్కుంటారా?
తోస్తామని చూపించినారు.
మీలో మిగిలినోళ్ళెవురని మాత్రం
అడగబుద్ధి కాలేదు.

కోసినారు. ముప్పై కరెంట్లు పెట్టినారు.
వాసన పోయింది.
మాడిన అన్నం, కిరసనాయిలు, సుంకమ్మ తలనూనె,
అన్నీ ఒకటే తెల్లకాయితం.

ఆపరేషన్‌కు వారం ముందు
ఆదోని డిపోలో టేకు దిమ్మె కొన్నా.
పచ్చిది. ఐదంగుళాల మందం.
మా నాయన లెక్కలో అంగుళానికి ఏడాది ఆరాల.
ఎందుకు కొన్నానో సుంకమ్మకు చెప్పలేదు.
ఆమె అడగలేదు.
డబ్బులకు మాత్రం రెండు రోజులు తిట్టింది.
షెడ్డు ఎనక నీడన, ఇటుకలెత్తు పెట్టి
పండబెట్టినా.
నెలకోసారి తిప్పాల.
ఒక పక్కే ఆరితే వంకరపోతాది.

మొన్న పరీక్షకు పోతే గొట్టం తీసి
"ఇప్పటికి ఏం లేదు" అంది డాక్టరమ్మ.
ఇప్పటికి.
ఆ మాటను బస్సులో కోడుమూరు దాకా
అటూ ఇటూ తిప్పి చూసుకున్నా.
కొలత పెట్టి కోసిన ముక్క.
ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మూడో ఏడు నడుస్తాంది.
మూడంగుళాలు ఆరింటాది, తక్కింది తడి.
నాకు తెలిసే దావ లేదు.
మాబాషాను పిలుస్తా, పంతొమ్మిదేండ్లోడు,
దిమ్మెకు ముక్కానించి
కండ్లు మూసుకుంటాడు, నా మాదిరే.
"పాత చెప్పుల వాసన మామా.
అడుగున కొంచెం పచ్చి."

"దీంతో ఏం జేస్తావు?"

ఆరనీరా.
నువ్వు ముందు ముక్కుకు గుడ్డ కట్టుకో.